క్షమాభిక్ష ఎవరి దాకా వస్తుంది?

ఉత్తరప్రదేశ్‌లో ఒకే కుటుంబానికి చెందిన నలుగురిని చంపిన కేసులో ముగ్గురికి ఉరిశిక్ష పడింది. ముగ్గురిదీ ఒకే నేరం. తక్కువ చేశాడు, ఎక్కువ చేశాడు అని తేడా చూపడానికి కూడా ఏమీ లేదు. ముగ్గురూ సుప్రీంకోర్టుకు వెళ్లారు గానీ కలిసి వెళ్లలేదు. ఒక్కొక్కరి పిటిషన్ ఒక్కో ఏడాది ఒక్కో బెంచి ముందుకొచ్చింది. జీతా సింగ్‌ది 1976లో కొట్టేశారు. కశ్మీరా సింగ్‌కి 1977లో ఇంకో బెంచి ఉరిని యావజ్జీవంగా మార్చింది. హర్బన్స్ సింగ్‌ది 1978లో మూడో బెంచి కొట్టేసింది. రాష్ట్రపతి దగ్గర అతని క్షమాభిక్ష అర్జీ కూడా వీగిపోయింది.

జీతానీ హర్బన్స్‌నీ 1981 అక్టోబరు 6న ఉరి తియ్యాలి. హర్బన్స్ తరఫున ఎవరో చివర్లో ఇంకో పిటిషన్ వేసి, 'మా సహముద్దాయికి మీరే శిక్ష తగ్గించారు కదా' అని అడిగితే స్టే వచ్చింది. జీతా తరఫున ఎవరూ వెయ్యలేదు. అతన్ని ఉరి తీసేశారు. 1982లో సుప్రీంకోర్టు జరిగినదానికి విచారపడి, హర్బన్స్ శిక్ష తగ్గించమని రాష్ట్రపతిని కోరుతూ తీర్పిచ్చింది. రాష్ట్రపతి ఒకసారి తిరస్కరించిన మనిషికి తామే తగ్గిస్తే మర్యాదగా ఉండదనుకున్నారు న్యాయమూర్తులు. ఆ తీర్పు రాసిన జస్టిస్ చంద్రచూడ్, జీతా పిటిషన్ కొట్టేసిన బెంచిలోనూ ఉన్నారు. ఉరిశిక్షంటే గిట్టని జస్టిస్ కృష్ణయ్యర్ కూడా ఆ బెంచిలోనే ఉన్నారు!

రాష్ట్రపతి క్షమాభిక్ష ఎందుకుండాలో చెప్పేటప్పుడు చాలామంది ఈ కేసునే ఉదాహరణగా చూపిస్తారు. కోర్టులు పొరపడతాయి కాబట్టి పైన ఒక చెయ్యి ఉండాలంటారు. ఉండాలి, కాదనను. నేను ఉరిశిక్షకి వ్యతిరేకిని. ఆ అధికారాన్ని రాజ్యాంగం 72వ అధికరణం నుంచి తీసెయ్యమని ఎవరైనా అంటే మొదట అడ్డం పడేవాళ్లలో నేనుంటాను. కానీ కఠినమైన శిక్షలకి అదే న్యాయమైన విరుగుడు అంటే మాత్రం ఒప్పుకోలేను. హర్బన్స్ బతకడానికి ఆఖరి వారంలో ఒకడు కాగితం పట్టుకుని ఢిల్లీకి పరిగెత్తాల్సి వచ్చింది. జీతాకి ఆ ఒక్కడు దొరకలేదు.

అసలు రాష్ట్రపతి క్షమించారు, రాష్ట్రపతి తిరస్కరించారు అని మనం అంటాం గానీ, లోపల జరిగేది వేరు. జైల్లోంచి అర్జీ రాష్ట్ర హోం శాఖకి వెళ్తుంది. గవర్నరు దగ్గర కాదంటే ఢిల్లీ హోం శాఖకి వెళ్తుంది. అక్కడ ఎవరో అధికారి నోట్ పెడతాడు, మంత్రి సంతకం చేస్తాడు, ఆ సలహాతో ఫైలు రాష్ట్రపతి భవన్‌కి చేరుతుంది. రాష్ట్రపతి ఒకసారి వెనక్కి పంపొచ్చు. అదే సలహా మళ్లీ వస్తే సంతకం పెట్టక తప్పదు. పెట్టడం ఇష్టం లేకపోతే ఫైలు మీద కూర్చోవడమే దారి, ఎందుకంటే రాష్ట్రపతికి గడువంటూ లేదు. కొందరు అదే చేశారు. ఒకాయన కూర్చుంటే ఇంకొకాయన వచ్చాక ఆ మూటంతా ఒకేసారి కదులుతుంది. ప్రతిభా పాటిల్ హయాంలో 30 మందికి పైగా ఉరి తప్పింది. ఆవిడ తర్వాత వచ్చిన ప్రణబ్ ముఖర్జీ దాదాపు అంతమందికీ లేదు పొమ్మన్నారు. ఖైదీలు మారలేదు, నేరాలు మారలేదు, ఫైలు ఏ ఏడాది పైకొచ్చిందన్నదే తేడా. పాటిల్ గారు 2012లో క్షమాభిక్ష పెట్టినవాళ్లలో ఒకతను 2007లోనే కర్ణాటక జైల్లో జబ్బు చేసి చనిపోయాడు. అయిదేళ్ల కిందట పోయిన మనిషికి ప్రాణభిక్ష పెట్టిన ఆ ఫైలు ఎన్ని బల్లలు దాటి వచ్చి ఉంటుందో ఊహించుకోండి. ఒక్క బల్ల దగ్గరైనా జైలుకి ఫోన్ చేసి, మనిషి ఉన్నాడా అని అడగలేదు.

ఇప్పుడు మన దగ్గరి కేసు. మాది గుంటూరు జిల్లా కాబట్టి దీని గురించి నాకు కాస్త ఎక్కువ పట్టింపు ఉంది. 1993 మార్చి 8న తెల్లవారుజామున హైదరాబాదు నుంచి చిలకలూరిపేట వస్తున్న ఆర్టీసీ బస్సులో దోపిడీకని ఎక్కిన ఇద్దరు కుర్రాళ్లు పెట్రోలు చల్లి నిప్పుపెట్టారు. 23 మంది కాలిపోయారు. ఆ తర్వాత చాలాకాలం మా ఇళ్లల్లో నైట్ బస్సు ఎక్కేవాళ్లకి 'ముందు డోరు దగ్గర సీటు చూసుకో' అని జాగ్రత్త చెప్పేవారు. దోషులిద్దరూ దళిత యువకులు, నిరుపేదలు. కింది కోర్టు ఉరి వేసింది, హైకోర్టు ఖాయం చేసింది, 1996లో సుప్రీంకోర్టు కూడా అవునంది. రాష్ట్రపతి శంకర్‌దయాళ్ శర్మ క్షమాభిక్ష కాదన్నారు. 1997 మార్చిలో ఉరికి తేదీ కూడా పెట్టేశారు. హక్కుల సంఘాలవాళ్లు పరుగులు పెట్టి ఆఖరి ఘడియల్లో సుప్రీంకోర్టు నుంచి స్టే తెచ్చారు. బెంగాల్ నుంచి రచయిత్రి మహాశ్వేతాదేవి గొంతు కలిపారు. రెండోసారి అర్జీ పెట్టారు. 1998లో కె.ఆర్. నారాయణన్ ఆ ఇద్దరి ఉరినీ యావజ్జీవంగా మార్చారు.

మంచిదే జరిగింది. ఇప్పటికీ నా అభిప్రాయం అదే. అయితే ఏ కారణంతో మార్చారు? దోషుల పేదరికమా, వయసా, చంపాలన్న ఉద్దేశం లేదన్న వాదనా, ఉద్యమమా? మనకెవరికీ తెలియదు. క్షమాభిక్ష ఉత్తర్వులో కారణాలు రాయరు. కాలిపోయిన 23 మంది ఇళ్లవాళ్లకి ఎవరూ ఏమీ చెప్పలేదు. పక్క సెల్‌లో అలాంటి పేదరికంతోనే, అలాంటి వయసుతోనే ఉరికి ఎదురుచూస్తున్న ఇంకో ఖైదీకి ఆ ఉత్తర్వు ఎందుకూ కొరగాలేదు. 'చిలకలూరిపేట వాళ్లకి ఇచ్చారు, నాకూ ఇవ్వండి' అని అతను అడగలేడు. ఏ ప్రాతిపదికన ఇచ్చారో ఎక్కడా లేదు కాబట్టి అడగడానికి పట్టు దొరకదు.

దీని పక్కన మన రాష్ట్రం నుంచే వెళ్లిన ఇంకో కేసు పెట్టి చూడండి. ఈడిగ అనమ్మ అనే యువతి. భర్తింటివాళ్లు వెళ్లగొట్టారు. వేరే సంబంధంలో పడింది, అక్కడి కసి కొద్దీ ఒక స్త్రీనీ ఆమె బిడ్డనీ చంపేసింది. ఉరిశిక్ష. 1974లో సుప్రీంకోర్టు ఆమెకు శిక్ష తగ్గించింది. తగ్గించిన న్యాయమూర్తులు ఊరుకోలేదు, ఎందుకు తగ్గించారో రాశారు. ఆమె వయసు, ఆడమనిషిగా ఆమె పడ్డ స్థితి, తల మీద ఏళ్ల తరబడి వేలాడిన ఉరి, ఇవన్నీ లెక్కలోకి రావాలన్నారు. ఆ తీర్పు పుస్తకాలకెక్కింది. ఆ తర్వాత దేశంలో ఏ మూల ఉరి కేసు నడిచినా డిఫెన్సు వకీలు అనమ్మ కేసు చూపించి వాదించేవాడు. ఎక్కడి రాయలసీమ పల్లె ఆడమనిషి, ఆమె పేరు పట్టుకుని ఎవరెవరో బతికారు. రాష్ట్రపతి సంతకం అలా చెయ్యలేదు. అది ఎవరి పేరు మీద పడిందో వాళ్లతోనే ఆగిపోతుంది. శిక్ష అన్యాయమైనదైతే ఆ అన్యాయం అలాగే చట్టంలో ఉంటుంది, ఇద్దరు మాత్రం దాని నోట్లోంచి బయటపడతారు.

ఉద్యమం ఉంటే చాలదా అని అడిగేవాళ్లకి భూమయ్య, కిష్టాగౌడ్‌లను గుర్తుచెయ్యాలి. నక్సలైటు ఉద్యమంలోకి వెళ్లి హత్య కేసులో ఉరిశిక్ష పడిన ఆదిలాబాదు జిల్లా పేద రైతులు. 1975 మేలో తెల్లారితే ఉరి అనగా వకీళ్లు సెలవు రోజున హైకోర్టు జడ్జి జస్టిస్ చిన్నపరెడ్డి ఇంటికే వెళ్లి స్టే తెచ్చుకున్నారు. మన హక్కుల ఉద్యమంలో ఆ రాత్రి గురించి ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. తర్వాత సుప్రీంకోర్టులో కృష్ణయ్యర్, వీళ్లది రాజకీయ నేరమా కాదా అన్నది క్షమించే అధికారం ఉన్నవాళ్లే చూసుకోవాలి, మా చేతిలో లేదు అన్నారు. అప్పటికే ఎమర్జెన్సీ నడుస్తోంది. చిలకలూరిపేట కేసులో పనిచేసిన పద్ధతులే ఇక్కడా వాడారు, అర్జీలు, సంతకాలు, ప్రముఖుల విజ్ఞప్తులు. 1975 డిసెంబరు 1న ముషీరాబాదు జైల్లో ఇద్దరినీ ఉరి తీశారు. ఆ ఏడాది ఢిల్లీలో గాలి ఎటు వీచిందో దాన్నిబట్టే తేలింది.

గాలి అనుకూలంగా ఉంటే ఎలా ఉంటుందో కూడా మనం చూశాం. నందికొట్కూరు నుంచి 2004లో గెలిచిన అధికార పార్టీ ఎమ్మెల్యే భర్త ఒక హత్య కేసులో పదేళ్ల శిక్ష అనుభవిస్తుంటే, 2005లో రాష్ట్ర గవర్నరు మిగిలిన శిక్షంతా మాఫీ చేశారు. ఇది 161వ అధికరణం, రాష్ట్రపతి అధికారానికి రాష్ట్రంలో తమ్ముడు లాంటిది. హతుడి కుటుంబం సుప్రీంకోర్టుకెక్కింది. కోర్టు ఫైలు తెప్పించుకు చూస్తే, ఖైదీ గురించి అధికారులిచ్చిన నివేదికలో అతను 'మంచి కాంగ్రెస్ కార్యకర్త' అని ఉంది. నిజంగా అలాగే ఉంది! శిక్ష తగ్గించడానికి సర్కారీ కాగితం మీద రాసిన యోగ్యతల్లో అదొకటి. 2006లో ఏపూరు సుధాకర్ కేసుగా వచ్చిన ఆ తీర్పులో సుప్రీంకోర్టు ఆ మాఫీ కొట్టేసింది. క్షమించే అధికారాన్ని కోర్టులు ఎంతవరకు పరిశీలించవచ్చో చెప్పడానికి లా కాలేజీల్లో ఆ కేసు చదువుతారు. నాకు మాత్రం ఆ నివేదిక రాసినాయన తీరే ఎక్కువ ఆసక్తిగా ఉంటుంది. ఆయన దాచలేదు. పై నుంచి చెప్పింది ఇదే కదా, ఇందులో దాచేదేముంది అనుకుని ఉంటాడు.

ఇంతదాకా ఉరి, హత్య అనే మాట్లాడాను. నిజానికి మన దగ్గర కఠిన శిక్ష అంటే రోజూ ఎక్కువమంది మీద పడేది ఉరి కాదు. విశాఖ ఏజెన్సీకి రండి. చింతపల్లి, సీలేరు, పాడేరు వైపు నుంచి గంజాయి మూటలు మైదానానికి మోసేది గిరిజన కుర్రాళ్లు, ఆడవాళ్లు. కొన్ని వేల రూపాయల కూలికి మోస్తారు. సరుకు ఎవరిదో వాళ్లకి తెలియదు, తెలిసినా చెప్పరు. చెక్‌పోస్టులో దొరికేది వాళ్లే. మాదకద్రవ్యాల చట్టం ఎన్డీపీఎస్ ప్రకారం గంజాయి 20 కిలోలు దాటితే కనీసం పదేళ్లు, కనీసం లక్ష రూపాయల జరిమానా. మూట 19 కిలోలు తూగితే జడ్జి ఆరు నెలలు వెయ్యొచ్చు, రెండేళ్లు వెయ్యొచ్చు, పదేళ్ల దాకా ఎంతైనా వెయ్యొచ్చు. 21 కిలోలు తూగిందా, జడ్జి చేతులు కట్టేసినట్టే. మోసినవాడికి పద్దెనిమిదేళ్లు దాటి రెండు నెలలే అయినా, అదే మొదటిసారైనా, చెల్లి పెళ్లికి మోశానని ఏడ్చినా, పదేళ్లకి ఒక్క రోజు తగ్గించడానికి లేదు. రెండు కిలోల తేడా అంటే సంచిలో ఆకు తడిగా ఉందా, ఎండిందా అన్నంత.

అదే చట్టంలో 1989లో 32ఎ అని ఒక సెక్షను చేర్చారు. దాంతో ఈ ఖైదీలకి మామూలు రెమిషన్ కూడా ఉండదు. అంటే పంద్రాగస్టుకో గాంధీ జయంతికో ప్రభుత్వం జీవో ఇచ్చి సత్ప్రవర్తన ఖైదీలను వదిలినప్పుడు, హత్య చేసినవాడు గేటు దాటి ఇంటికి పోతుంటే గంజాయి మోసినవాడు లోపల నిలబడి చూడాలి. 2000 సంవత్సరంలో దాదు కేసులో సుప్రీంకోర్టు ఈ రెమిషన్ నిషేధాన్ని నిలబెట్టింది. రాష్ట్రపతి, గవర్నర్లకు రాజ్యాంగం ఇచ్చిన అధికారానికి మాత్రం ఇది అడ్డు కాదని చెప్పింది.

చూశారా, ఇక్కడికొచ్చేసరికి క్షమాభిక్ష ఒక్కటే తలుపు. ఆ తలుపు ఎవరైనా తట్టారా? నర్సీపట్నంలో వకీలుగా ఉన్న మా మిత్రుణ్ణి అడిగాను, గంజాయి కేసులో ఎప్పుడైనా క్షమాభిక్ష అర్జీ రాశావా అని.

"ఏటి గురూ, జోకా? ఫైన్ కట్టనోడికి అదనంగా ఇంకెన్నాళ్లుండాలో చెప్పడానికే ములాఖత్‌కి ఎల్తన్నాను. లచ్చ రూపాయలు ఆళ్ల ఊరంతా అమ్మినా రావు. రాష్ట్రపతికి ఎవడు రాస్తాడు?"

"నువ్వు రాయొచ్చుగా."

"రాసి ఏం చెప్పమంటావ్? ఈడు 21 కేజీలు మోశాడు, 19 అయితే బాగుండేదనా?"

వాడు వెటకారంగా అన్నాడు గానీ, నాకు తెలిసినంతలో ఈ విషయం మీద అంతకంటే సూటైన వాదన లేదు. ఆ కుర్రాడి కేసులో ప్రత్యేకత ఏమీ లేదు. అతనిలాంటివాళ్లు వందల్లో ఉన్నారు, అందరిదీ ఒకే కథ. క్షమాభిక్షకి ప్రత్యేకమైన కథ కావాలి. ఒక జబ్బు, ఒక ముసలితనం, పేపర్లో పడేంత ఘోరమైన పొరపాటు, ఒక రచయిత్రి ఉత్తరం, ఏదో ఒకటి ఉండాలి. అందరి మీదా సమానంగా పడే అన్యాయాన్ని అది చూడలేదు. ఆ అన్యాయం చట్టం రాసినచోటే ఉంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇది ఇండియా జబ్బు అనుకోవద్దు. అక్కడ రాష్ట్రపతికి కేబినెట్ సలహా కూడా అక్కర్లేదు, ప్రెసిడెంటు ఇష్టం. డ్రగ్స్ కేసులో, అదీ మొదటి నేరానికే, యావజ్జీవం పడిన ఆలిస్ జాన్సన్ 20 ఏళ్లకు పైగా జైల్లో ఉంది. 2018లో కిమ్ కర్దాషియన్ వైట్‌హౌస్‌కి వెళ్లి ట్రంప్‌ని అడిగితే విడుదలైంది. ఆ విడుదల నూటికి నూరుపాళ్లూ సరైనదే. కానీ కర్దాషియన్ కంటపడని ఆలిస్‌లు ఎంతమంది? ఒబామా ఎనిమిదేళ్లలో 1,715 మందికి శిక్ష తగ్గించాడు, ఎక్కువమంది డ్రగ్స్ ఖైదీలే. అందుకోసం వకీళ్ల సైన్యాలు ఒక్కో ఫైలూ చదివాయి. అదే సమస్యకి అక్కడి పార్లమెంటు 2010లో చట్టం మార్చి, క్రాక్ కొకైన్‌కీ పొడి కొకైన్‌కీ ఉన్న 100కి 1 తేడాని (100 గ్రాముల పొడికి పడే శిక్షే ఒక్క గ్రాము క్రాక్‌కి పడేది) 18కి 1కి దించింది. 2018లో దాన్ని పాత ఖైదీలకూ వర్తింపజేసింది. జైల్లో ఉన్నవాడు ఎవరి దయా అడగకుండా కోర్టుకెళ్లి, 'కొత్త లెక్క ప్రకారం నాకు ఎంత?' అని అడగగలిగాడు. వేలమందికి తగ్గింది. క్షమాపణలైతే, 2025 జనవరి 20న ట్రంప్ గద్దెనెక్కిన రోజే 2021లో పార్లమెంటు భవనం కాపిటల్ మీద జరిగిన దాడి కేసుల్లోని దాదాపు 1,500 మందికి ఒక్క దెబ్బకి దక్కాయి. నందికొట్కూరు 'మంచి కార్యకర్త' కథే, సైజు పెద్దది.

మన దగ్గరా చట్టాన్ని నేరుగా సరిచేసిన సందర్భాలున్నాయి. ఐపీసీలో 303 అని ఒక సెక్షను ఉండేది. యావజ్జీవ ఖైదీ హత్య చేస్తే ఉరే, జడ్జికి వేరే మాట లేదు. 1983లో మిఠూ కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్నే కొట్టేసింది. ఆ రోజు నుంచి ఏ యావజ్జీవ ఖైదీకీ ఆ సెక్షను కింద రాష్ట్రపతి గడప తొక్కే అవసరం రాలేదు. 2014లో శత్రుఘ్న చౌహాన్ కేసులో అర్జీల మీద ఏళ్ల తరబడి నిర్ణయం చెప్పకపోవడమే హింస అని చెప్పింది, మొత్తం 15 మందికి ఉరి తప్పించింది, తిరస్కరించాక ఉరికి మధ్య 14 రోజులు ఇవ్వాలని, అర్జీ దశలో కూడా లీగల్ ఎయిడ్ ఇవ్వాలని రాసింది. ఇవి అడుక్కునేవి కాదు, ఖైదీ హక్కుగా అడగగలిగేవి.

బాధితుల సంగతేమిటని ఎవరైనా నిలదీస్తారు, నిలదీయాలి కూడా. చిలకలూరిపేట బస్సులో కొడుకుని పోగొట్టుకున్న తల్లికి నారాయణన్ సంతకం ఎలా అనిపించి ఉంటుంది? కోర్టులో శిక్ష తగ్గితే ఆమె ఆ తీర్పు చదివించుకుని, ఇదన్యాయం అని తిట్టుకోవడానికైనా ఒక కారణం దొరికేది. పై కోర్టుకి వెళ్లడానికైనా ఉండేది. క్షమాభిక్షలో ఆమెని ఎవరూ పిలవరు, ఎవరూ చెప్పరు. గోప్యత ఖైదీకి మేలు చేస్తుందనుకుంటాం గానీ, రెండువైపులా చీకట్లో ఉంచడం తప్ప అది చేసిందేమీ లేదు. సీఆర్పీసీ స్థానంలో కొత్తగా వచ్చిన బీఎన్ఎస్ఎస్ 472వ సెక్షను అర్జీ పెట్టడానికీ, కేంద్రం సలహా ఇవ్వడానికీ గడువులు పెట్టింది, 48 గంటల్లో నిర్ణయం తెలియజెయ్యాలంది, ఒకే కేసులో దోషుల అర్జీలు కలిపి చూడాలంది (జీతా సింగ్‌కి నలభై ఏళ్లు ఆలస్యంగా). కారణాలు రాయమని మాత్రం ఎక్కడా అనలేదు. పైగా రాష్ట్రపతి నిర్ణయం మీద ఏ కోర్టులోనూ అప్పీలు ఉండదని రాసి, శత్రుఘ్న చౌహాన్ లాంటి తీర్పులకి దారి మూసెయ్యాలని చూసింది.

కాబట్టి నేను కోరేది పెద్ద గొప్పదేమీ కాదు. క్షమాభిక్ష ఉత్తర్వుకి ఒక్క పేజీ కారణాలు ఉండాలి. శిక్ష పడ్డాక వచ్చే జబ్బులకి, ముసలితనానికి, కొత్తగా బయటపడ్డ సాక్ష్యాలకి ఆ అధికారం వాడాలి. శిక్షే ఎక్కువైనప్పుడు దాన్ని పార్లమెంటు సరిచెయ్యాలి, లోపలున్నవాళ్లకి కూడా వర్తించేలా. 2014లో ఎన్డీపీఎస్ చట్టాన్ని తెరిచారు. పెద్ద మోతాదుతో రెండోసారి దొరికితే ఉరే అన్న సెక్షన్ని మెత్తబరిచి, జడ్జి విచక్షణకి వదిలారు. దాని కింద ఎంతమంది ఉరికెక్కారని? ఎవరూ లేరనే చెప్పొచ్చు. జైళ్లు నింపే ఆ 20 కిలోల గీతనీ, పదేళ్ల కనీసాన్నీ, 32ఎనీ మాత్రం ముట్టుకోలేదు.

మళ్లీ ఆ చట్టం సభ ముందుకి వచ్చే దాకా అర్జీలు రాయడం తప్ప గతి లేదు. మా వకీలు మొన్న ఫోన్ చేసి, సరే రాద్దాం, జైలు లీగల్ ఎయిడ్‌లో ఇద్దరు జూనియర్లున్నారు, కువి, కొండ లాంటి గిరిజన భాషలొచ్చినవాళ్లని ఒకర్ని చూడు అన్నాడు. చూస్తున్నాను. పాడేరు వైపు ఎవరికైనా తెలిస్తే చెప్పండి.